వైరు అవతలి కొసన ఏముంది? ఇంట్లో వాయించుకునేవాళ్లు చవక పెడల్ ఎంచుకోవడం ఎలా

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి హాల్లో నేను మొదటిసారి డిస్టార్షన్ పెడల్ (గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టె) తొక్కిన రోజు, మా పెద్దమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. "ఏట్రా అది, తేనెపట్టు రేగినట్టుంది!" అంది. ఆవిడ అన్నది అక్షరాలా నిజం. గిటార్ వైరు పెడల్లోకి, పెడల్ వైరు హోమ్ థియేటర్ వెనకున్న ఎర్ర సాకెట్లోకి పెట్టాను. వీడియోల్లో విన్న మందపాటి శబ్దం కోసం ఎదురుచూస్తే, జుయ్యిమని ఈగల మోత వచ్చింది.

పెడల్ పాడైందనుకుని బరంపురం వెళ్లాను, కొన్న షాపులో నాలుగు మాటలు అడిగేద్దామని. కౌంటర్లో ఉన్నతను ఏమీ అనకుండా దాన్ని పక్కనున్న చిన్న గిటార్ ఆంప్‌కి (గిటార్ కోసమే చేసిన స్పీకర్ పెట్టెకి) తగిలించి వాయించాడు. బ్రహ్మాండంగా ఉంది. "భాయినా, ఇంట్లో దేనికి పెట్టారు?" అని అడిగాడు. కొనేముందు నన్ను నేను అడుక్కోవాల్సిన ప్రశ్న అది. మీరు డబ్బు తీయకముందే అడుక్కోండి.

మొదటి మెట్టు: మీ వైరు ఎక్కడికి వెళ్తుందో చూడండి

ఏ పాట వాయించాలి, ఏ గిటారిస్టులా వినిపించాలి అన్నది తర్వాత. ముందు మీ ఇంట్లో శబ్దం బయటికొచ్చేది దేన్నుంచి?

గిటార్ ఆంప్‌లో ఉండే స్పీకర్ మామూలు స్పీకర్ కాదు. సుమారు 5,000 హెర్ట్జ్ (శబ్దం ఎంత సన్నగా ఉందో చెప్పే కొలత) దాటాక అది శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. డిస్టార్షన్ పెడల్ చేసే పని గిటార్ సిగ్నల్ తలా తోకా కత్తిరించడం. అలా కత్తిరించినప్పుడు పైస్థాయిలో గరుకు శబ్దాలు బోలెడు పుడతాయి. గిటార్ స్పీకర్ ఆ గరుకుని మింగేసి మిగిలింది మనకి వినిపిస్తుంది. హోమ్ థియేటర్, బ్లూటూత్ స్పీకర్, మైకుసెట్టు, హెడ్‌ఫోన్స్ మాత్రం ఏదీ దాచుకోకుండా 15,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తాయి. అదే మా పెద్దమ్మ విన్న తేనెపట్టు.

కాబట్టి మీ దగ్గర 10 వాట్లదో 20 వాట్లదో గిటార్ ఆంప్ ఉంటే విడి పెడల్స్ కొనుక్కోవచ్చు. లేకపోతే విడి డిస్టార్షన్ పెడల్ జోలికి పోకండి. గిటార్ స్పీకర్ చేసే పనిని లోపలే చేసిపెట్టే 'క్యాబ్ సిమ్యులేషన్' ఉన్న పెట్టె కావాలి. షాపులో 'క్యాబ్ సిమ్ ఉందా' అంటే చాలు, అర్థమవుతుంది. మల్టీ ఎఫెక్ట్స్ అని అమ్మేవాటిలో (చాలా పెడల్స్ పని ఒకే పెట్టెలో చేసేవి) దాదాపు అన్నింటికీ ఇది ఉంటుంది. విడి పెడల్స్‌లో కొన్నింటికే ఉంటుంది.

మా గజపతి, రాయగడ వైపు ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకున్న కుర్రాళ్లలో చాలామంది ఆదివారం చర్చిలో వాయించేవాళ్లే. మిగతావాళ్లు దసరాకీ, బరంపురం ఠాకురాణి జాతరకీ స్టేజీ ఎక్కే మెలోడీ పార్టీల్లో ఉంటారు. రెండు చోట్లా చాలాసార్లు గిటార్ నేరుగా మైకుసెట్టు మిక్సర్లోకే పోతుంది, ఆంప్ ఉండదు. ఇంట్లో హెడ్‌ఫోన్స్‌తో సాధన, బయట మిక్సర్ అంటే రెండింటికీ క్యాబ్ సిమ్ ఉన్న పెట్టే కావాలి. అందుకే ఎవరడిగినా నేను ముందు మల్టీయే కొనమంటాను. 'విడి పెడల్ శబ్దమే వేరు' అనే స్నేహితుడు ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. వాడింట్లో మంచి ఆంప్ ఉంటుంది.

రెండో మెట్టు: మీరు వాయించేదేమిటి

ఎలక్ట్రిక్ గిటార్ అయితే చిక్కు లేదు, ఈ పెడల్స్ పుట్టిందే దానికోసం.

బేస్ గిటార్‌కి గిటార్ ఓవర్‌డ్రైవ్ (డిస్టార్షన్‌లాంటిదే, కాస్త మెత్తనిది) పెడితే కింది స్వరాల బరువు పోతుంది, శబ్దం పీలగా మారుతుంది. బేస్ కోసమే చేసిందో, లేదా అసలు శబ్దాన్నీ కలుపుకునేందుకు 'బ్లెండ్' నాబ్ ఉన్నదో చూడండి. ఇంటి స్పీకర్లలో బేస్ గట్టిగా పెట్టకండి, స్పీకర్ కోన్ చిరిగిపోవచ్చు.

కీబోర్డుకి నిజానికి పెడల్ అక్కర్లేదు. రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టు చేసేది), కోరస్ (ఒక్క శబ్దాన్ని పలువురు కలిసి వాయించినట్టు చేసేది) అందులోనే ఉంటాయి. సరదాకి డిలే (ప్రతిధ్వని ఇచ్చేది) పెట్టుకోవాలంటే పెట్టుకోండి, కానీ కీబోర్డు నుంచి వచ్చే సిగ్నల్ గిటార్ కంటే చాలా బలమైనది. కీబోర్డు వాల్యూమ్ పావు వంతుకి దించి మొదలుపెట్టండి, లేకపోతే పెడల్ లోపలే శబ్దం పగిలిపోతుంది. ఇంకో మాట. షాపుకెళ్లి 'కీబోర్డ్ పెడల్' అని అడిగితే సస్టెయిన్ పెడల్ చేతిలో పెడతారు. అది ఎఫెక్ట్ కాదు, కాలితో నొక్కే స్విచ్ మాత్రమే.

ఇక మాండలిన్, వయొలిన్ వాళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే వీళ్లకి చెప్పేవాళ్లు తక్కువ. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతమంతా ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే వాయించారు. కనుక కరెంటు వాయిద్యం మన సంగీతానికి కొత్తేమీ కాదు. అయితే ఈ రోజుల్లో చాలా మాండలిన్లకీ, వయొలిన్లకీ అంటించేది పీజో పికప్, అంటే వాయిద్యం కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే చిన్న బిళ్ల. దానికి ఎదుటి పెట్టె ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) ఎక్కువ ఉండాలి, కనీసం ఒక మెగా ఓమ్. నేరుగా మైకుసెట్టు మైకు సాకెట్లో పెడితే కింది స్వరాలు పోయి రేకు డబ్బా మీద కొట్టినట్టుంటుంది. మధ్యలో ఒక ప్రీఆంప్ పెడల్ (బలహీనమైన సిగ్నల్‌ని బలపరిచేది) గాని, గిటార్ మల్టీ గాని పెడితే గొంతు నిండుగా వస్తుంది. వీళ్లకి డిస్టార్షన్ కంటే కంప్రెసర్ ఉపయోగం. మీటిన స్వరం త్వరగా చచ్చిపోకుండా సాగుతుంది, గమకం చివరిదాకా వినిపిస్తుంది. డిలే మాత్రం బాగా తగ్గించి పెట్టుకోండి. సినిమా పాటలో అందంగా ఉండే ప్రతిధ్వని, రాగంలో వెనకటి స్వరాన్ని కొత్త స్వరం మీద పడేస్తుంది. ఆక్స్ ఇన్ సాకెట్ ఉన్న మల్టీ తీసుకుంటే ఫోన్లో శ్రుతి పెట్టుకుని, రెండూ ఒకే హెడ్‌ఫోన్స్‌లో వినొచ్చు.

మూడో మెట్టు: ఏది కొనాలి

ఈ సర్క్యూట్లలో చాలావరకు పాతవి. ఎంఎక్స్ఆర్ కంపెనీ ఫేజ్ 90 పెడల్ వచ్చింది 1974లో, బాస్ డీఎస్-1 వచ్చింది 1978లో. (ఇక్కడ బాస్ అంటే బేస్ గిటార్ కాదు, జపాన్ కంపెనీ పేరు. ఈ రెండింటితో మా ఊళ్లో సగం సంభాషణలు దారి తప్పుతాయి.) అర్ధ శతాబ్దం పాత సర్క్యూట్లు కావడంతో వాటిని పోలినవి చవగ్గా చేయడం కష్టమేమీ కాదు. బెరింగర్, జోయో, డోనర్, కాలైన్ లాంటి కంపెనీలు చేసేది ఎక్కువగా అదే. చవక అనగానే నాసిరకం అనుకోకండి. ఖర్చు తగ్గించేది ఎక్కువగా పెట్టెలో, స్విచ్‌లో, సాకెట్లలో. బెరింగర్ పెడల్స్‌లో చాలా వాటికి ప్లాస్టిక్ ఒళ్లు. స్టేజీ మీద బూటుకాలితో తొక్కేవాడికి అది ఇబ్బంది, ఇంట్లో చాప మీద కూర్చుని వేలితో నొక్కుకునేవాడికి ఏం ఇబ్బంది?

ఆంప్ ఉన్నవాళ్లు: ఒక ఓవర్‌డ్రైవ్, ఒక డిలే. ఇంతే. ఓవర్‌డ్రైవ్‌లో ట్యూబ్ స్క్రీమర్ అనే పాత పెడల్ తరహాది తీసుకోండి, జోయో వింటేజ్ ఓవర్‌డ్రైవ్, బెరింగర్ టీఓ800 ఆ జాతివే. విడి చవక పెడల్ ఒక్కోటి సుమారు రూ. 2,000 నుంచి రూ. 4,000 దాకా అనుకోండి. ట్యూనర్ పెడల్ మీద డబ్బు పెట్టకండి, ఫోన్లో ఉచిత యాప్ సరిపోతుంది.

ఆంప్ లేనివాళ్లు: జూమ్ జీ1 ఫోర్ లాంటి చిన్న మల్టీ. నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది, ఆక్స్ ఇన్ ఉంది, డ్రమ్ రిథమ్స్ ఉన్నాయి, 30 సెకన్ల లూపర్ ఉంది. అదే పెట్టెకి బేస్ కోసం బీ1 ఫోర్ అని వేరే ఉంది. లోపలే చార్జింగ్ బ్యాటరీ ఉన్న ఎం-వేవ్ ట్యాంక్-జీ లాంటివి కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. లూపర్ గురించి ఒక్కమాట: ఒంటరిగా సాధన చేసేవాడికి ఇంతకంటే మంచి జోడీ లేదు. నాలుగు కార్డ్స్ వాయించి దానికి అప్పగిస్తే అది తిప్పి తిప్పి వాయిస్తుంది, దానిమీద మీరు స్వరాలు వెతుక్కోవచ్చు. మల్టీలో 'వంద ఎఫెక్ట్స్', 'రెండొందల ఎఫెక్ట్స్' అనే అంకెలు చూసి మురిసిపోకండి. లూపర్, హెడ్‌ఫోన్ సాకెట్, ఆక్స్ ఇన్, బ్యాటరీతో నడవడం: ఈ నాలుగు చూడండి.

మల్టీ వద్దు, ఒక్కటే పెడల్ కావాలి, మిక్సర్లోకి నేరుగా పెట్టాలి అంటారా? అలాంటివాళ్లకి క్యాబ్ సిమ్ పనీ చేసే జోయో అమెరికన్ సౌండ్ వంటి ఆంప్ తరహా పెడల్ ఉంది.

ఇక ఫోన్‌కి తగిలించే చిన్న అడాప్టర్లు. హెడ్‌ఫోన్ సాకెట్లో దూర్చే చవక రకాన్ని నేను వాడి చూశాను. ఆండ్రాయిడ్ ఫోన్లో తీగ మీటాక శబ్దం కాస్త ఆలస్యంగా వచ్చేది, తాళం కుదరక పిచ్చెక్కింది. వంద రూపాయలు తక్కువైనా ఆ దారి వద్దంటాను.

నాలుగో మెట్టు: కరెంటు

చవక పెడల్స్ ఎక్కువగా చచ్చేది ఇక్కడే, చెడ్డపేరు మోసేదీ ఇక్కడే.

చాలా పెడల్స్‌కి కావాల్సింది 9 వోల్టుల డీసీ, పిన్ను నడుమ మైనస్. పెడల్ మీద సాకెట్ పక్కన చిన్న బొమ్మ ఉంటుంది: ఒక చుక్క, దాని చుట్టూ అరవృత్తం, చుక్కకి గీసిన గీత మైనస్ వైపు పోతుంది. మనింట్లో ఉండే వైఫై రూటర్ అడాప్టర్లలో ఎక్కువ వాటికి నడుమ ప్లస్. పిన్ను అచ్చం అలాగే దూరుతుంది, అదే ప్రమాదం. నేను ఒక డిలే పెడల్‌ని అలాగే తగలబెట్టాను. రెండు సెకన్లు దీపం వెలిగింది, తర్వాత కాలిన వాసన. తప్పు పూర్తిగా నాదే, అడాప్టర్ మీద రాసింది చదవలేదు. చీటీ చిరిగిపోయిన అడాప్టర్ అయితే మల్టీమీటర్‌తో చూసుకోండి, లేదా వీధి చివర టీవీ మెకానిక్ చేత చూపించండి.

వోల్టులు సరిగ్గా సరిపోవాలి. మిల్లీ ఆంపియర్లు అడిగినదానికంటే ఎక్కువున్నా పర్వాలేదు, తక్కువ ఉండకూడదు. మామూలు ఓవర్‌డ్రైవ్ పది మిల్లీ ఆంపియర్ల దగ్గర సరిపెట్టుకుంటుంది, మల్టీలు కొన్ని ఐదొందల దాకా అడుగుతాయి. ఒకే అడాప్టర్ నుంచి గొలుసు వైరుతో రెండు మూడు విడి పెడల్స్ నడపొచ్చు. వాటి మధ్యలో డిజిటల్ డిలే చేరితే కీచుమనే సన్నని కూత రావచ్చు. వస్తే దాన్ని విడి అడాప్టర్‌కి మార్చండి.

ఇప్పుడు మోత సంగతి. ఇంట్లో 'గుయ్యి' మంటుంటే పెడల్‌ని తిట్టేముందు ఫ్యాన్ చూడండి. పాత రకం ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ మూడులో ఉంటే సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట పికప్ ఉన్న) గిటార్లో జరజర వినిపిస్తుంది, ఐదుకి తిప్పితే చాలావరకు ఆగుతుంది. చోక్ ఉన్న ట్యూబ్‌లైటు, మామూలు రకం ఇన్వర్టర్ కూడా ఇలాంటి నేరస్థులే. గిటార్ పట్టుకుని కూర్చున్న చోటే అటూ ఇటూ తిరగండి, ఒక దిక్కున మోత తగ్గుతుంది. మా ఇంట్లో అది మహేంద్రతనయ నది వైపు, కిటికీకి ఎదురుగా. ఇప్పటికీ అక్కడే కూర్చుంటాను.

తీగలు పట్టుకోగానే మోత తగ్గితే అది మామూలే. తీగలు పట్టుకుంటే చేతికి చురుక్కుమంటే మాత్రం వెంటనే ఆపేయండి. ఇంటి ఎర్త్ సరిగా లేదన్నమాట. మా వైపు పాత పెంకుటిళ్లలో, వాటికి కలిపి కట్టిన గదుల్లో చాలాచోట్ల మూడో పిన్ను రంధ్రం ఉంటుందిగాని దాని వెనక వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ వేయించుకోండి. మోత పోతుందని ఎవరో చెప్పారని ఆంప్ ప్లగ్గు మూడో పిన్ను విరిచెయ్యకండి. అది ప్రాణం మీదకి తెచ్చే పని.

బ్యాటరీ కోసం ఎందుకింత పట్టుబడుతున్నానంటే, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా జిల్లా ఎలా అయిందో చూసినవాణ్ని. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. పెన్సిల్ సెల్స్‌తో నడిచే నా పాత మల్టీ, ఒక జత హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. చీకట్లో ఎవరికీ వినపడకుండా వాయించుకున్నాను. తుఫాను ఎప్పుడో గాని రాదు. వానాకాలం సాయంత్రం పోయే కరెంటు మాత్రం మీకూ తెలిసిందే.

ఐదో మెట్టు: చేత్తో పట్టుకుని చూడటం

మా ఊరి నుంచి పలాస వెళ్లి రైలెక్కితే ఒకవైపు బరంపురం, ఇంకోవైపు విశాఖ. ఎటు వెళ్లినా మీ గిటార్, మీ వైరు, మీ హెడ్‌ఫోన్స్ పట్టుకెళ్లండి. షాపులో ఉన్న పెద్ద ఆంప్‌లో ఏ పెడలైనా బాగుంటుంది, మీరు వినాల్సింది మీ ఇంట్లో వినిపించే శబ్దం. చిన్న పిన్ను హెడ్‌ఫోన్స్‌ని పెద్ద సాకెట్‌కి మార్చే కన్వర్టర్ కూడా జేబులో వేసుకోండి, కొన్ని మల్టీలకి పెద్ద సాకెట్టే ఉంటుంది.

నాబ్స్ అన్నీ ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా తిప్పండి, కరకర రాకూడదు. వైరు పెట్టిన సాకెట్‌ని కొంచెం కదపండి, శబ్దం తెగకూడదు. స్విచ్ పాతికసార్లు నొక్కండి, షాపతను విసుక్కున్నా సరే. ఏమీ వాయించకుండా ఆన్ చేసి హోరు ఎంతుందో వినండి. డిస్టార్షన్‌లో కొంత హోరు సహజం, శుభ్రమైన శబ్దంలో ఉండకూడదు.

సెకండ్ హ్యాండ్ అయితే బ్యాటరీ గది మూత తప్పకుండా తీయించండి. లోపల తెల్లటో పచ్చటో పొడి కనిపిస్తే బ్యాటరీ కారిందని అర్థం, బేరం ఎంత బాగున్నా వదిలేయండి. ఇంజనీరింగ్ కాలేజీలున్న గుణుపురం లాంటి ఊళ్లలో, ఫైనల్ ఇయర్ అయిపోయి పిల్లలు హాస్టల్ ఖాళీ చేసే రోజుల్లో అడిగి చూడండి. ఉత్సాహంగా కొని ఆరుసార్లు కూడా తొక్కనివి దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే పెట్టె విప్పడం వీడియో తీసుకోండి, వెనక్కి తీసుకునే గడువులోపే పై పరీక్షలన్నీ చేసేయండి. బీరువా మీద పెట్టి పండగకి విప్పుదామనుకుంటే గడువు దాటిపోతుంది.

ఆరో మెట్టు: తగిలించి శబ్దం కుదర్చడం

రెండు పెడల్స్ ఉంటే వరస ఇది: గిటార్, ఓవర్‌డ్రైవ్, డిలే, ఆంప్. డిలే ముందు పెడితే ప్రతిధ్వనులన్నీ కలిపి పచ్చడవుతాయి. ఆంప్‌ని దాని శుభ్రమైన (డిస్టార్షన్ లేని) చానెల్లో ఉంచండి.

నాబ్స్ అన్నీ నడిమికి తెచ్చి మొదలుపెట్టండి. ముందు లెవెల్: పెడల్ ఆన్‌లో ఉన్నా ఆఫ్‌లో ఉన్నా శబ్దం ఒకే ఎత్తులో వినిపించాలి. ఇది చేయకపోతే గట్టిగా వినిపించేదే బాగుందని చెవి మోసపోతుంది. తర్వాత డ్రైవ్: మీకు సరిపోయిందనిపించిన చోటు నుంచి కాస్త వెనక్కి తిప్పండి. టోన్ చివర్లో. డిలే సమయానికి ఒక చిన్న లెక్క ఉంది, 60,000ని పాట టెంపోతో భాగిస్తే ఒక్కో బీటు ఎన్ని మిల్లీ సెకన్లో వస్తుంది. టెంపో 100 అయితే 600. ఆ అంకె పెడితే ప్రతిధ్వని తాళంలో పడుతుంది.

ఇంట్లో చిన్న శబ్దంలో కుదిర్చింది చర్చిలో గట్టిగా పెడితే వేరుగా ఉంటుంది. తక్కువ శబ్దంలో మన చెవికి బేస్ సరిగా అందదు, అందుకని ఇంట్లో బేస్ పెంచేస్తాం, అక్కడికెళ్లాక అది గోడలు అదరగొడుతుంది. పెద్ద హాలుకి సొంత రివర్బ్ కూడా ఉంటుంది. మల్టీలో ఒకే శబ్దాన్ని రెండు పేర్లతో దాచుకోండి: 'ఇల్లు', 'బయట'. రెండోదాంట్లో బేస్, రివర్బ్ తగ్గించి పెట్టండి.

ఇలా ఆరు నెలలు వాయించాక మల్టీలో మీ కాలు మాటిమాటికీ దేనిమీదకి పోతోందో చూడండి. వంద ఎఫెక్ట్స్‌లో రెండో మూడో తేలతాయి. మళ్లీ డబ్బు పెట్టాలనిపిస్తే వాటికే పెట్టండి. నాకు తేలింది కంప్రెసరూ, ఒక మామూలు డిలే. మొదట కొన్న ఆ డిస్టార్షన్ పెడల్ మా బావమరిది ఆంప్ కొనుక్కున్నాక అతనికిచ్చేశాను.

చివరికి ఒక చిన్న అలవాటు. బ్యాటరీ పెట్టే విడి పెడల్స్‌లో చాలావాటికి ఆన్-ఆఫ్ నిజానికి కాలి స్విచ్ దగ్గర లేదు, ఇన్‌పుట్ సాకెట్లో ఉంది. వైరు దూర్చి ఉన్నంతసేపూ, దీపం ఆరిపోయి ఉన్నా, లోపల బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. వాయించడం అయ్యాక ఇన్‌పుట్ వైరు పీకేసి పడుకోండి.